ఆదిమ మానవుల తీరం ఇప్పుడు నీళ్ల కింద ఉంది: దాన్ని చదివేవాళ్ల పని ఎలా ఉంటుంది?

విశాఖలో ఆర్కే బీచ్ అయినా, బాపట్ల దగ్గర సూర్యలంక అయినా, మనం వెళ్లి నిలబడే తీరం చాలా కొత్తది. దాని వయసు గట్టిగా ఆరేడు వేల ఏళ్లు. 20 వేల ఏళ్ల కిందట, చివరి మంచు యుగం బాగా ముదిరిన కాలంలో, సముద్రాల్లో ఉండాల్సిన నీళ్లు బోలెడన్ని ఉత్తర అమెరికా మీద, ఉత్తర యూరప్ మీద మంచుగా గడ్డకట్టి ఉండేవి. సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. ఆ మంచు కరుగుతూ వచ్చి, నీళ్లు పైకి పాకి, సుమారు 7 వేల ఏళ్ల కిందట ఇప్పుడున్న మట్టం దగ్గర కుదురుకున్నాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. గత పది లక్షల ఏళ్లలో మంచు యుగాలు సుమారు లక్ష ఏళ్లకోసారి వచ్చి పోయాయి, సముద్రం దిగుతూ ఎక్కుతూ ఉంది, కానీ ఎక్కువ కాలం ఇప్పటికంటే కిందే ఉంది. అంటే మన మ్యాపుల్లో కనిపించే ఈ తీరరేఖ మానవ చరిత్రలో అరుదుగా కనిపించే సంగతి. సముద్రం బాగా దిగినప్పుడు ప్రపంచం మొత్తం మీద బయటపడిన నేల సుమారు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు, మన దేశానికి ఆరు రెట్లు. అందులో నదులున్నాయి, చెరువులున్నాయి, గడ్డి మైదానాలున్నాయి, వేట జంతువులున్నాయి. మనుషులూ ఉన్నారు. ఇవాళ అదంతా నీళ్ల కింద ఉంది.

ఇంత పెద్ద నేల లెక్కలో లేకుండానే మనం ఆదిమ మానవుల కథ రాసుకున్నాం. ఆఫ్రికా నుంచి మనుషులు ఏ దారిన బయల్దేరారు, ఎక్కడ ఆగారు, చేపలు ఎప్పటినుంచి తింటున్నారు, పడవ ఎప్పుడు కట్టారు, ఇలాంటి ప్రశ్నలన్నిటికీ జవాబులు కొండల్లో, గుహల్లో, నదీ లోయల్లో దొరికిన ఆధారాల మీదే నిలబెట్టాం. తీరం వైపు నుంచి రావాల్సిన సాక్ష్యం రాలేదు.

హైదరాబాద్‌లో చరిత్ర, జియాలజీ చదివే పిల్లలతో ఈ విషయం మాట్లాడితే రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఒకటి, ఆ మునిగిన నేలను వెతికే పని చేసేవాళ్లు రోజూ సముద్రంలో దూకుతారా? రెండు, సముద్రమే లేని ఊళ్లో ఉండి మనం దీన్ని పట్టుకోగలమా? మొదటిదానికి జవాబు, చాలా తక్కువగా దూకుతారు. రెండోదానికి జవాబు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉంది, భూమి పొరలను చదివే ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడలో ఉంది, జియలాజికల్ సర్వే దక్షిణాది కార్యాలయం బండ్లగూడలో ఉంది. సముద్రం గురించి దేశంలో జరిగే ఆలోచనలో పెద్ద భాగం ఈ ఊళ్లోనే జరుగుతోంది. అందులో ఆదిమ మానవుడి ఊసు మాత్రం పెద్దగా వినిపించదు, నా బాధల్లా అదే.

ముందు ఒక మనిషి పని గురించి చెప్తాను. ఈ రంగం ఎలా పుట్టిందో ఆయన కెరీర్ చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన పేరు జెఫ్ బెయిలీ. బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్‌లో చదివి, తర్వాత యార్క్ యూనివర్సిటీలో పురావస్తు శాస్త్ర ప్రొఫెసర్‌గా చేశారు. ఆయన మొదలుపెట్టింది నీళ్ల కింద కాదు, గుల్లల దిబ్బల దగ్గర. ఆదిమ మానవులు తీరంలో కూర్చుని ఆల్చిప్పలు, నత్తలు, రకరకాల గుల్లలు ఏరుకుని తిని, తొక్కలు అక్కడే పారేసేవారు. వందల ఏళ్లు అలా పడేస్తే అది దిబ్బ అవుతుంది. బెయిలీ ఆస్ట్రేలియాలో అలాంటి దిబ్బల మీద పరిశోధన చేశారు. ఒక దిబ్బను తవ్వి గుల్లలు లెక్కపెట్టి, ఒక్కో గుల్లలో తినే మాంసం ఎంత, అది ఎంతమందికి ఎన్ని రోజులు వస్తుంది అని లెక్కగట్టడం చాలా ఓపిక కావాల్సిన పని.

ఆ దిబ్బల్లో ఒక చిక్కు ఉంది. ప్రపంచంలో ఎక్కడ చూసినా పెద్ద గుల్లల దిబ్బలు ఇంచుమించు ఒకే కాలం తర్వాత ప్రత్యక్షమవుతాయి, ఆరేడు వేల ఏళ్ల కిందటి నుంచే. డెన్మార్క్‌లో అంతే, ఆస్ట్రేలియాలో అంతే, ఎర్ర సముద్రంలో అంతే. దీనికి అప్పటికే ఒక వివరణ చలామణిలో ఉండేది: జనాభా పెరిగింది, వేట జంతువులు తగ్గాయి, గత్యంతరం లేక మనుషులు గుల్లల మీద పడ్డారు, సముద్రపు తిండి మనిషికి ఆలస్యంగా అలవాటైంది అని. చాలా పుస్తకాల్లో ఇలాగే ఉండేది. ఈ తేదీని పక్కన పెట్టుకుని సముద్రమట్టం కుదురుకున్న తేదీ చూడండి. రెండూ ఒకటే. అంటే దిబ్బలు అప్పుడే మొదలు కాలేదేమో, అంతకు ముందువన్నీ మునిగిపోయి మనకు కనిపించేవి మాత్రమే అప్పట్నుంచి ఉన్నాయేమో. కనిపించకపోవడానికీ, లేకపోవడానికీ తేడా ఉంది కదా. ఈ ఒక్క అనుమానం చుట్టూనే ఈ రంగంలో చాలా పని జరిగింది.

ఆ అనుమానం నిజమేనని చెప్పే చోట్లు కొన్ని దొరికాయి. దక్షిణాఫ్రికాలో పినకిల్ పాయింట్ దగ్గర గుహలో 1 లక్షా 64 వేల ఏళ్ల నాటి గుల్లలు, మనుషులు వండుకు తిన్నవి, దొరికాయని 2007లో ప్రచురించారు. ఎరిత్రియాలో అబ్దుర్ దగ్గర, 1 లక్షా 25 వేల ఏళ్ల నాటి పగడపు దిబ్బలో రాతి పనిముట్లు ఇరుక్కుని ఉన్నాయి. ఇలాంటివి ఎందుకు మిగిలాయో గమనించాలి. సముద్రమట్టం ఇప్పటంత ఎత్తున ఉన్న కాలానివో, తీరం మరీ దూరం జరగని చోటివో, నేల పైకి లేచిన చోటివో మాత్రమే మిగిలాయి. మిగతా కాలాల తీరం మనకు అందదు.

బెయిలీ 1980లలో గ్రీస్‌లోని క్లిథి అనే రాతి ఆశ్రయాన్ని తవ్వారు. మంచు యుగం చివర్లో వేటగాళ్లు అడవి మేకల కోసం వచ్చి మకాం వేసిన చోటు అది. ఎముకలు గుట్టలుగా ఉన్నాయి. కానీ ఆ కొండల్లో ఏడాది పొడవునా ఉండలేరు, చలికాలం దిగువ మైదానాలకు పోయి ఉండాలి. ఆ మైదానంలో కొంత భాగం ఇప్పుడు సముద్రం. గుహలో దొరికింది ఆ మనుషుల జీవితంలో ఒక సీజన్ మాత్రమే. ఇక్కడి నుంచి ఆయన పని దారి మార్చుకుంది. జెఫ్రీ కింగ్ అనే భూభౌతిక శాస్త్రవేత్తతో కలిసి, భూకంపాలు, భూమి పగుళ్లు మనుషులకు పనికొచ్చే నేలను ఎలా తయారుచేశాయో చూశారు. ఎగుడుదిగుడు నేల, మధ్యలో నీటి మడుగులు, జంతువులు ఎటు పోతాయో ముందే ఊహించగల ఇరుకు దారులు, ఇవి ఉన్నచోట మనిషి బతకడం తేలిక అన్నది వాళ్ల వాదన. తర్వాత ఎర్ర సముద్రంలో సౌదీ అరేబియాకు చెందిన ఫరసాన్ దీవులకు వెళ్లారు. అక్కడ ఒడ్డు వెంబడి దాదాపు మూడు వేల గుల్లల దిబ్బలున్నాయి. అవి ఇప్పటి ఒడ్డున ఉన్నాయి కాబట్టి, నీళ్ల కింద ఉన్న పాత ఒడ్లను కూడా వెతకాలి అని డైవర్లను దించారు, 2013లో ఏజియో అనే గ్రీకు పరిశోధన నౌకను తీసుకెళ్లి అడుగును మ్యాప్ చేశారు. 2009 నుంచి 2013 దాకా యూరప్‌లోని చాలా దేశాల్లో ఈ పని చేసేవాళ్లను ఒకచోటికి తెచ్చిన స్ప్లాష్‌కోస్ అనే నెట్‌వర్క్‌ను కూడా ఆయనే నడిపించారు. గుల్లలతో మొదలైన పని, భూకంపాల మీదుగా, సముద్రం అడుగుదాకా వెళ్లింది. మధ్యలో ఎక్కడా ప్రశ్న మారలేదు.

ఇక్కడ సహజంగా వచ్చే సందేహం: వేల ఏళ్లు సముద్రం కింద ఉన్నాక ఏం మిగులుతుంది? నిజమే, చాలా పోతుంది. సముద్రం పైకి వచ్చేటప్పుడు అలలు విరిగే చోటు రుబ్బురోలు లాంటిది, దాని కిందికి వచ్చిన ఏ మకామైనా నలిగిపోవాల్సిందే. కాకపోతే అన్నిచోట్లా ఒకేలా జరగదు. నేల వాలు తక్కువగా ఉండి, కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున దిగుతోందనుకోండి, సముద్రం మీటరు పెరిగితే ఒడ్డు కిలోమీటరు లోపలికి వస్తుంది. సుమారు 14,600 ఏళ్ల కిందట మంచు ఒక్కసారిగా కరిగిన దశ ఒకటుంది. అప్పుడు సముద్రం ఏడాదికి 4 సెంటీమీటర్లకు పైగా పెరిగింది. అలాంటి వాలులో ఒడ్డు ఏడాదికి 40 మీటర్లు జరుగుతుంది. ఒక తరం గడిచేలోపు కిలోమీటరు. అంత వేగంగా దాటిపోతే అలలకు రుబ్బే టైమ్ దొరకదు. దానికి తోడు ఆ చోటు ఏ వాగు మలుపులోనో, మడుగు పక్కనో, దీవి చాటునో ఉండి, పైన బురద పేరుకుందంటే, గాలి తగలని ఆ బురదలో చెక్క, తాడు, ఆకులు కూడా చెక్కుచెదరవు. నేల మీద ఇవేవీ మిగలవు. ఈ ఒక్క విషయంలో నీళ్ల కింద నేల మనకు ఎక్కువే ఇస్తుంది.

డెన్మార్క్‌లో తూబ్రిండ్ విగ్ అనే చోట, మూడు మీటర్ల లోతులో, 1977 నుంచి పదేళ్లు తవ్వితే రంగుతో నగిషీలు దిద్దిన చెక్క తెడ్లు దొరికాయి. ఇజ్రాయెల్ తీరంలో అట్లిత్ యామ్ దగ్గర సుమారు 9 వేల ఏళ్ల నాటి ఊరు పది మీటర్ల లోతులో ఉంది, రాళ్లతో కట్టిన మంచినీళ్ల బావితో సహా. ఫ్రాన్స్‌లో కాస్కే గుహ ద్వారం 37 మీటర్ల లోతులో ఉంటుంది. సొరంగం వెంట పైకి ఈదుకుంటూ వెళ్తే నీళ్లు ఎక్కని గదుల్లో గోడల మీద 27 వేల ఏళ్ల నాటి చేతి ముద్రలు కనిపిస్తాయి. ఇంగ్లండ్‌లో వైట్ దీవి దగ్గర బౌల్డ్‌నర్ క్లిఫ్ కథ నాకు చాలా ఇష్టం. 1999లో డైవర్లు నీళ్ల కింద 11 మీటర్ల లోతులో ఒక ఎండ్రకాయ జాతి జీవి, లాబ్‌స్టర్, బొరియ తవ్వుకుంటూ లోపలి మట్టిని బయటికి నెట్టడం చూశారు. ఆ మట్టిలో చెకుముకి రాతి పెచ్చులున్నాయి. ఏరి చూస్తే అవి మనిషి చెక్కినవి, 8 వేల ఏళ్ల నాటివి. గుల్లల దిబ్బల సంగతికొస్తే, డెన్మార్క్‌లోనే యార్నో దీవి దగ్గర నీళ్ల కింద మునిగిన గుల్లల దిబ్బ కూడా బయటపడింది. బెయిలీ అనుమానానికి అంతకన్నా సూటి జవాబు ఉండదు.

వెతకడం ఎలాగో ఇప్పుడు చెప్తాను. కెరీర్‌లో ఎక్కువ రోజులు గడిచేది ఇక్కడే. ముందు పడవ కింద నుంచి శబ్ద తరంగాలు పంపి అడుగు ఆకారం మ్యాప్ చేస్తారు. మరో పరికరం తరంగాలను మట్టిలోకి పంపి, బురద కింద పూడిపోయిన పాత వాగుల ఆకారాన్ని చూపిస్తుంది. ఇంగ్లండ్‌కీ డెన్మార్క్‌కీ మధ్య ఉత్తర సముద్రంలో మునిగిన డాగర్‌ల్యాండ్‌ను ఇలాగే గీశారు, అదీ చమురు కంపెనీలు తమ అవసరానికి సేకరించిన డేటాతో. పురావస్తు శాస్త్రవేత్త విన్స్ గాఫ్నీ బృందం ఆ డేటాలో చమురు కోసం చూడకుండా పైపొరలు చూసింది, నదులు, సరస్సులు, కొండవాలులు తేలాయి. అంతకు చాలాముందు, 1931లో, కొలిండా అనే చేపల పడవ వలలో నల్లటి పీట్, అంటే చిత్తడి నేలలో మొక్కలు సగం కుళ్లి పేరుకున్న మట్టి, ముద్ద ఒకటి పడింది. పగలగొడితే లోపల జింక కొమ్ముతో చేసిన ముళ్ల బల్లెం మొన. తీరానికి నలభై కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో. ఆ మొన వయసు 13 వేల ఏళ్లు దాటిందని తర్వాత తేలింది.

మ్యాప్ అయ్యాక, అనుమానం ఉన్నచోట గొట్టం దించి మట్టి తీస్తారు. ఆ గొట్టాన్ని ల్యాబులో నిలువుగా చీల్చి బల్ల మీద పెడితే కనిపించేది ఇదీ: అడుగున ఎర్రటి గట్టి మట్టి, అందులో సన్నటి వేళ్ల జాడలు. అంటే ఒకప్పుడు ఇది మొక్కలు మొలిచిన నేల. దాని పైన నాలుగు వేళ్ల మందాన నల్లటి పీట్, వేలితో నొక్కితే మెత్తగా ఉంటుంది, విప్పితే ఆకుల ఈనెలు ఇంకా కనిపిస్తాయి. నేల చిత్తడిగా మారిన కాలం అది. ఆ పైన బూడిద రంగు బంకమట్టి, అందులో ఉప్పూ మంచినీరూ కలిసే చోట బతికే చిట్టి నత్తలు. ఆ పైన ఇసుక, సముద్రపు గుల్లల ముక్కలు. సముద్రం వచ్చేసింది. అరచేతి వెడల్పులో ఒక ఊరి నేల మునిగిపోయిన కథ మొత్తం కనిపిస్తుంది. పీట్‌ను కార్బన్ పరీక్షకు పంపితే ఆ కథకు తేదీ వస్తుంది, పుప్పొడి చూస్తే ఏ చెట్లున్నాయో తెలుస్తుంది. పనిముట్లు దొరకడం ఆ తర్వాతి మాట. ఎక్కడ నేల చెడకుండా ఉందో తెలియకుండా సముద్రంలో దూకి వెతకడం దండగ.

ఈ పద్ధతి ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది, అందులో హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. 2001లో గుజరాత్ దగ్గర ఖంభాత్ సింధుశాఖలో, 20 నుంచి 40 మీటర్ల లోతులో, మునిగిపోయిన నగరం దొరికిందని కేంద్ర మంత్రి మురళీ మనోహర్ జోషి ప్రకటించారు. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ సోనార్‌తో, అంటే శబ్ద తరంగాల పరికరంతో, తీసిన బొమ్మల్లో చతురస్రాలు, గీతలు కనిపించాయి. తర్వాత అడుగును దేవి కొన్ని వస్తువులు పైకి తెచ్చారు, అందులో ఒక చెక్క ముక్క. దాన్ని పరీక్షించిన ల్యాబుల్లో ఒకటి మన ఎన్‌జీఆర్‌ఐ. ఇక్కడ దాదాపు 9,500 ఏళ్ల వయసు వచ్చింది, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలో దాదాపు 2 వేల ఏళ్లు తక్కువ వచ్చింది. అంతే, హరప్పా కంటే ఎంతో పాత నగరం అంటూ వార్తలు మొదలయ్యాయి.

ల్యాబు తేదీ సరైనదే అనుకుందాం. అది ఆ చెట్టు వయసు. 9,500 ఏళ్ల కిందట ఆ చోట సముద్రం ఇంకా పూర్తిగా ఎక్కలేదు, అక్కడ చెట్లు ఉండటం సహజం, లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆ చెక్కను మనిషి నరికాడని గానీ, ఆ చతురస్రాలకూ దానికీ సంబంధం ఉందని గానీ ఆ తేదీ చెప్పదు. పైగా ఆ సింధుశాఖలో పోటు పాట్ల మధ్య తేడా పది మీటర్ల దాకా ఉంటుంది, ప్రవాహం విపరీతం, నర్మద, తాపీ లాంటి నదులు ఎక్కడెక్కడివో తెచ్చి పడేస్తాయి. అడుగును దేవి తెచ్చినదానికి అది ఏ పొరలో ఉందో చెప్పే సాక్ష్యం ఉండదు. ఏ పొరలోంచి వచ్చిందో తెలియని వస్తువు ఎంత పాతదైనా పురావస్తు శాస్త్రంలో దాని మాట చెల్లదు. నా మటుకు నాకు ఆ ప్రకటన వల్ల జరిగిన పెద్ద నష్టం వేరే ఉంది. మునిగిన నేల అనే మాట ఎత్తితే చాలు, సీరియస్ పరిశోధకులు ఆమడ దూరం జరిగే పరిస్థితి వచ్చింది, మామూలు జనానికేమో నీళ్ల కింద అంటే నగరమే గుర్తొస్తోంది. నగరాలకు లక్షల ఏళ్ల ముందు మనుషులు తిరిగిన నేల అది.

ఆ లక్షల ఏళ్ల కిందటి మనుషుల ఆధారాలు దొరకడం మరీ కష్టం, ఎందుకంటే ఆ నేల మీదికి సముద్రం ఒకసారి కాదు, పలుమార్లు ఎక్కి దిగింది. అయినా దొరుకుతున్నాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలో హేజ్‌బరో దగ్గర 2013 మే నెలలో అలలు ఇసుకను కోసుకుపోయాక కింద గట్టి బురద పొర బయటపడింది, దాని మీద గుంటలు. ఫొటోలు తీసి, త్రీడీలో కొలిచి చూస్తే అవి అడుగులు, పెద్దవాళ్లవీ పిల్లలవీ. వయసు సుమారు ఎనిమిది నుంచి పది లక్షల ఏళ్లు. అప్పటికి మన జాతి పుట్టలేదు, వాళ్లు మనకంటే పాత మానవులు. కొన్ని వారాల్లోపే అలలు ఆ ముద్రలను తుడిచేశాయి. చేతిలో కెమెరా ఉన్నవాళ్లు ఆ రోజుల్లో అక్కడ లేకపోతే అసలు ఆ అడుగుల సంగతే మనకు తెలిసేది కాదు. అదే సముద్రంలో కంకర కోసం తవ్విన చోట, ఒడ్డుకు తెచ్చి పోసిన కంకర గుట్టలో పాతికకు పైగా రాతి చేతిగొడ్డళ్లు ఒక ఔత్సాహికుడి కంటబడ్డాయి. నెదర్లాండ్స్ దగ్గర ఇలాగే తోడిన గుల్లల్లో నియాండర్తల్ అనే అంతరించిన మానవ జాతి మనిషి నుదుటి ఎముక ముక్క దొరికింది. బ్రిటన్‌లో ఇప్పుడు కంకర తవ్వాలన్నా, సముద్రంలో గాలిమరలు పెట్టాలన్నా ముందు అడుగున పురావస్తు పరిశీలన చేయించాలి. ఈ రంగంలో అక్కడి యువతకు జీతాలు వచ్చే ఉద్యోగాలు చాలావరకు అలా పుట్టినవే.

మన వైపు చూద్దాం. పాతరాతియుగం విషయంలో మనకు తక్కువేం లేదు. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫూట్ మద్రాసు దగ్గర పల్లావరంలో చేతిగొడ్డలిని గుర్తించాడు, ఆయన ఉద్యోగం జియలాజికల్ సర్వేలో. 1884లో బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల తవ్వకాలు మొదలుపెట్టాడు. చెన్నైకి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని అత్తిరంపాక్కం పనిముట్లకు 15 లక్షల ఏళ్ల తేదీ వచ్చిందని శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం 2011లో ప్రచురించింది. కాట్రగడ్డ పద్దయ్య గారు మన తెలుగువారు. పుణెలోని దక్కన్ కాలేజీలో ఉంటూ కర్ణాటకలో హుణసగి, బైచబాళ్ లోయలను ఏళ్ల తరబడి కాలినడకన గాలించి, ఒక్కో పనిముట్టును కాకుండా లోయ మొత్తాన్ని చదివారు, నీటి ఊటలు ఎక్కడ, రాయి ఎక్కడ దొరుకుతుంది, వానాకాలం ఎక్కడుంటారు, ఎండాకాలం ఎక్కడికి చేరతారు అని. బెయిలీ పనినీ ఈయన పనినీ పక్కపక్కన పెట్టి చదివితే ఇద్దరిదీ ఒకే ధోరణి అని తెలుస్తుంది. కర్నూలు గుహల్లో జంతువుల ఎముకలను చదివిన ఎం.ఎల్.కె. మూర్తి గారు తర్వాత మన సెంట్రల్ యూనివర్సిటీలోనే పనిచేశారు.

ఇక అసలు చిక్కు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి, బూడిద మన దేశం అంతటా కురిసింది. నంద్యాల వైపు జ్వాలాపురంలో ఆ బూడిద మీటర్ల మందాన ఉంది, పాత్రలు తోమే పౌడరు కోసం తవ్వి అమ్ముతుంటారు కూడా. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం అక్కడ తవ్వి, బూడిద కిందా పైనా ఒకే తరహా రాతి పనిముట్లున్నాయని 2007లో రాసింది. వాళ్ల వాదన, టోబాకు ముందే ఆధునిక మానవులు ఇక్కడికి వచ్చి ఉంటారు, లోతట్టు నదీ లోయల గుండా. పాల్ మెల్లార్స్ బృందం 2013లో దీన్ని కొట్టిపారేసింది. ఆ పనిముట్లు ఆధునిక మానవులవి కావు, మనవాళ్లు 60, 50 వేల ఏళ్ల కిందట సముద్ర తీరం వెంబడి వచ్చారు, ఆ దారి ఇప్పుడు నీళ్ల కింద ఉంది కాబట్టే ఆధారం కనిపించడం లేదు అని. జ్వాలాపురంలో మనుషుల ఎముకలు దొరకలేదు, కాబట్టి ఆ పనిముట్లు ఎవరివో ఖాయంగా చెప్పలేరు. తీరం దారిని చూపించేవాళ్లూ లేరు.

రెండో వాదనలో నాకు ఒక ఇబ్బంది ఉంది. ఆధారం నీళ్ల కింద ఉంది అని చెప్పి ఊరుకుంటే అది ఎప్పటికీ ఓడిపోని వాదన అవుతుంది. నీళ్ల కింద ఉందంటే వెళ్లి వెతకాలి. అసాధ్యమేమీ కాదు. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో మురుజుగ దగ్గర 2020లో జొనాథన్ బెంజమిన్ బృందం ఒకే చోట 269 రాతి పనిముట్లను నీళ్ల కింద గుర్తించింది, కనీసం 7 వేల ఏళ్ల నాటివి. అంతకు ముందు ఆ దేశంలో అలాంటి చోటు ఒక్కటీ తెలియదు. వెతికారు కాబట్టే దొరికాయి. శ్రీలంకలో ఫాహియాన్ గుహలో 48 వేల ఏళ్ల కిందటి నుంచీ మనుషులున్నారు. తీరానికి దూరంగా అడవిలో ఉన్న ఆ గుహలో సముద్రపు గుల్లలతో చేసిన పూసలు దొరికాయంటే, ఆ మనుషులకు తీరంతో సంబంధం ఉంది. ఆ తీరం ఇప్పుడు కనిపించదు. అప్పట్లో మనకూ శ్రీలంకకూ మధ్య నీళ్లే లేవు, నడిచి పోవచ్చు.

మునిగిన నేల అనగానే తెలంగాణలో, ఆంధ్రలో పాతవాళ్లకు సముద్రం కంటే ముందు నాగార్జునకొండ గుర్తొస్తుంది. సాగర్ డ్యామ్ నీళ్లు ఆ లోయను ముంచేస్తాయని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 దాకా తవ్వారు. పాతరాతియుగం నుంచి మధ్యయుగాల దాకా అన్ని దశల ఆనవాళ్లూ ఆ ఒక్క లోయలో ఉన్నాయి. ఇక్ష్వాకుల కట్టడాలను విప్పి కొండ మీదికి మార్చి తిరిగి నిలబెట్టారు, అది చాలా గొప్ప పని, నేనైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. శ్రీశైలం వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. గుడిని మార్చగలం. కృష్ణ ఒడ్డున గులకరాళ్ల పొరలో, ఏ రాయి పక్కన ఏ పనిముట్టు ఉందో, వాగు ఎటు పారేదో, ఆ అమరికను మార్చలేం. పనిముట్లు మ్యూజియంలోకి వచ్చాయి, అవి పడి ఉన్న నేల మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. ఆదిమ మానవుల విషయంలో సగానికి పైగా సమాచారం ఆ నేలలోనే ఉంటుంది. ఎండాకాలం రిజర్వాయర్లలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే అంచుల్లో అలలు ఏం కోశాయో, ఏం మిగిల్చాయో ఏటా కొలిస్తే, మునిగిన చోటుకు ఏమవుతుందో తెలుసుకోవడానికి అంతకంటే చవకైన ప్రయోగశాల ఉండదు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడ పని మొదలుపెట్టవచ్చు.

బంగాళాఖాతంలో అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? గోదావరి, కృష్ణా డెల్టాల ముందు కాదనే నా అభిప్రాయం. ఆ నదులు ఏడు వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోస్తూ ఒడ్డునే ముందుకు నెట్టాయి, పాత నేల చాలా లోతున పూడిపోయింది. విశాఖ నుంచి ఉత్తరంగా చూడాలి. అక్కడ ఖండతీరపు అంచు, అంటే ఒడ్డు నుంచి తక్కువ లోతున పరుచుకున్న సముద్రపు అడుగు, ఇరుకు, ముంబై వైపు మూడు వందల కిలోమీటర్ల దాకా పరుచుకున్నట్టు ఉండదు, కాబట్టి పాత ఒడ్డు మరీ దూరంలో లేదు. విశాఖకూ భీమిలికీ మధ్య ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, సముద్రం దిగినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి మోసుకొచ్చి పోస్తే ఏర్పడ్డాయని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు. ఆ దిబ్బల్లో రాతి పనిముట్లు దొరికాయి. అంటే మనుషులు అక్కడ ఉన్నారు, ఎదురుగా మునిగిన మైదానం ఉంది, దిబ్బలను కోసుకుంటూ పారే వాగులు ఒకప్పుడు ఆ మైదానంలోకి ఇంకా ముందుకు పారేవి. ఆ వాగుల మునిగిన మలుపుల్లో బురద ఉంటుంది, బురద కింద చెడని నేల ఉండే అవకాశం ఉంది. ఇంకో మంచి సంగతి, టోబా బూడిద బంగాళాఖాతం అడుగు పొరల్లో కూడా ఉంది. 74 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే పదుల మీటర్లు దిగువన ఉంది కాబట్టి, ఆ బూడిద పొడినేల మీద పడి, ఏ మడుగులోనో కదలకుండా ఉండిపోయిన చోటు దొరికితే, దాని కిందా పైనా ఏముందో చూసి జ్వాలాపురం తగాదాను తీర్చవచ్చు.

దీనికి ఏం చదవాలని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇదే. ముందు జియాలజీ గట్టిగా నేర్చుకోండి, రాయిని మనిషి కొట్టాడా, వరద కొట్టిందా అని చేతిలో పట్టుకుని చెప్పగలిగేదాకా పనిముట్లు చూడండి, వీలైతే స్వయంగా రాయి చెక్కి చూడండి. ఉస్మానియాలో పురావస్తు శాస్త్రం ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్ర శాస్త్రాలున్నాయి. పైచదువులకు పుణె దక్కన్ కాలేజీ ఉంది, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో శాఖ ఉంది, కేంద్ర పురావస్తు శాఖలో 2001 నుంచి నీటి అడుగు విభాగం ఉంది. డైవింగ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు. ఇంట్లో ఉద్యోగం గురించి టెన్షన్ పడతారు, అది న్యాయమే, మన దగ్గర ఈ పేరుతో పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కానీ జియాలజీ, మ్యాపింగ్, సోనార్ డేటా చదవడం వచ్చినవాళ్లకు పోర్టుల్లో, సర్వే సంస్థల్లో, చమురు రంగంలో పని దొరుకుతుంది. ఆ ఉద్యోగంలో కూర్చుని సముద్రం అడుగు డేటా చూస్తున్నప్పుడు, పై ఇరవై మీటర్ల పొరను దాటేయకుండా, పూడిపోయిన వాగు ఎక్కడుందో గుర్తుపెట్టి పెట్టగలిగితే చాలు. డాగర్‌ల్యాండ్ మ్యాప్ మొదలైంది అలాంటి డేటాతోనే.